కుక్క కరిస్తే టీకాతో పాటు సీరం ఎందుకు వేయించుకోవాలి

గాటు మీద కారం అద్దడం, సున్నం పట్టించడం, పసరు కట్టించుకోవడం మన సీమ పల్లెల్లో ఇంకా పోలేదు. వాటితో పుండు రేగుతుందే గానీ వైరస్ చావదు. బోరు పంపు కింద గాయం పెట్టి, బట్టల సబ్బయినా సరే, గడియారం చూసుకుని 15 నిమిషాలు కడగండి. రేబిస్ వైరస్ పైపొర కొవ్వుది, సబ్బు నురగకు చెదిరిపోతుంది. తర్వాత పోవిడోన్ అయోడిన్ (పుండ్లకు పూసే క్రిమినాశక మందు) పూయండి. కట్టు వద్దు. కుట్లు వేయక తప్పకపోతే సీరం (వైరస్‌ను వెంటనే అడ్డుకునే మందు) వేశాకే.

టీకా అదే రోజు మొదలవ్వాలి. వేసిన రోజు సున్నా. 0, 3, 7, 28 రోజుల్లో రెండు భుజాలకూ చర్మంలోకి 0.1 మి.లీ. చొప్పున వేస్తారు. కండకు వేసే పద్ధతిలో 14వ రోజు కూడా ఉంటుంది. బొడ్డు చుట్టూ సూదులు ఇప్పుడు లేవు, భయపడొద్దు.

టీకాలో ఉండేది చంపిన వైరస్. దాన్ని గుర్తుపట్టి మన ఒంట్లోని బి కణాలు (రక్షక కణాలు) చాలినన్ని యాంటీబాడీలు (వైరస్‌ను పట్టి ఆపే ప్రోటీన్లు) తయారు చేసేసరికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఈలోగా గాయంలోని వైరస్ నరంలోకి దూరి మెదడు దారి పడితే ఇక వాటికి చిక్కదు. ముఖం, మెడ, వేళ్లు కరిస్తే ముప్పు మరీ ఎక్కువ. అందుకే రక్తం వచ్చిన ప్రతి గాటుకూ సీరం, అంటే సిద్ధంగా ఉన్న యాంటీబాడీలు కావాలి. గుర్రం రక్తం నుంచి తీసిన సీరం అయితే ఒంటి బరువులో కిలోకు 40 యూనిట్లు, మనిషి రక్తం నుంచి తీసింది అయితే 20. 30 కిలోల పిల్లాడికి గుర్రం సీరం 1200 యూనిట్లు. మి.లీ.కి 300 యూనిట్ల సీసాలో అది 4 మి.లీ. గాయాలు ఎక్కువై మందు చాలకపోతే సెలైన్ కలిపి పెంచుతారు.

తప్పు జరిగేది ఇక్కడే. సీరాన్ని గాటు లోపలా చుట్టూరా పట్టినంత ఎక్కించాలి. ఒక్క గాటు వదిలినా అక్కడి వైరస్‌ను ఆపేదేదీ ఉండదు. నొప్పి పుడుతుంది, పిల్లాణ్ణి గట్టిగా పట్టుకోండి. మొదటి టీకా వేసి 7 రోజులు దాటితే సీరం వేయరు, అప్పటికి సొంత యాంటీబాడీలు మొదలై ఉంటాయి.

ఊరి పీహెచ్‌సీలో టీకా వేసి పంపేస్తుంటే "సీరం ఉందా?" అని అక్కడే అడగండి. లేకుంటే అదే రోజు కర్నూలు పెద్దాసుపత్రికో, కడప, అనంతపురం సర్వజన ఆసుపత్రులకో వెళ్లండి. టీకా చీటీ పెట్టెలో దాచుకోండి. ఈ టీకాలన్నీ పూర్తిగా వేయించుకుని ఉంటే, మళ్లీ ఎప్పుడైనా కరిస్తే సీరం అక్కర్లేదు, 0, 3 రోజుల టీకాలు చాలు.