‘టు’ పక్కన క్రియావిశేషణం ఎక్కడ?

కడపలో ఇంగ్లీషులో ఉద్యోగ దరఖాస్తు రాసుకొనేవారికి ‘కేర్‌ఫుల్లీ’ వంటి క్రియావిశేషణాన్ని ‘టు రీడ్’ వంటి చోట ‘టు’కు ముందు పెట్టాలో తర్వాత పెట్టాలో తేలక ఒక్క వాక్యం దగ్గరే చాలాసేపు ఆగిపోవడం మామూలే. ముందుగా దానిని ‘టు రీడ్ ద లెటర్ కేర్‌ఫుల్లీ’ అన్నట్లు కర్మ తర్వాతకు జరిపి చదవండి. అర్థం చెడకపోతే అక్కడే ఉంచండి. ‘రీడ్’కూ ‘ద లెటర్’కూ నడుమ మాత్రం ఇరికించవద్దు, మనవాళ్లు ఎక్కువగా తడబడేది అక్కడే. ‘షి డిసైడెడ్ క్విక్‌లీ టు లీవ్ కర్నూల్’ అన్నప్పుడు త్వరగా జరిగినది నిర్ణయమో ప్రయాణమో స్పష్టం కాదు కనుక, ప్రయాణమే అయితే ‘టు క్విక్‌లీ లీవ్’ అని నిస్సంకోచంగా రాయవచ్చు. అది తప్పనే పాత పట్టింపును నేటి వ్యాకరణవేత్తలు చాలామంది వదిలేశారు. అయితే ‘టు మోర్ దాన్ డబుల్’ (రెట్టింపు కన్నా ఎక్కువ కావడం) వంటి చోట ‘మోర్ దాన్’ను ‘టు’ పక్కనుంచి జరపడం కుదరదు. ఇక ‘నాట్’ను దరఖాస్తుల్లో ‘టు’కు ముందే ఉంచడం మేలు.