పిల్లలతో జంతువుల చార్టు చేయించడం ఎలా?

తిరుపతిలో బడి పిల్లల సైన్సు ప్రదర్శనలకు వెళ్లినప్పుడల్లా జంతువుల చార్టు ఒకటైనా కనిపిస్తుంది. అందులో చేపల గడిలో తిమింగలమూ కనిపిస్తుంది. పదేళ్లుగా పిల్లలతో ఈ చార్టులు చేయిస్తున్నాను. ఎన్నిసార్లు చూసినా ఆ తప్పును చూసి ఊరుకోలేను.

తెల్ల చార్టు, తెల్ల కాగితాలు, రంగు పెన్సిళ్లు, జిగురు చాలు. రంగు చార్టు వాడకండి, బొమ్మ తేలదు. క్షీరదాలు, పక్షులు, సరీసృపాలు, ఉభయచరాలు, చేపలు అని ఐదు గడులు గీయించండి. బొమ్మలు పిల్లలే వేయాలి. ముద్రించిన బొమ్మను కత్తిరించి అతికించే పిల్లవాడు ఏనుగు చెవిని ఒక్కసారి కూడా గమనించడు. శ్రీ వేంకటేశ్వర జంతు ప్రదర్శనశాలకు ఒక పూట తీసుకెళితే సగం గడులు అక్కడే నిండుతాయి.

తిమింగలం సంగతి తేలేదాకా జిగురు సీసా మూత తీయకండి.

చిక్కు పేరులోనే ఉంది. సంస్కృతంలో తిమి అంటే పెద్ద చేప, దాన్ని మింగేది తిమింగిలం. పేరే చేపను గుర్తు చేస్తుంటే పిల్లలు పొరపడటంలో వింత లేదు. ‘చేప కాదు, క్షీరదం’ అని చెప్పి రాయించేస్తే మర్నాటికి మరచిపోతారు. అందుకే చేపను వాళ్ల చేతికివ్వాలి.

బజారు నుంచి తాజా శీలావతి చేపను కోయించకుండా తీసుకురండి. బొటనవేలితో చెంప మూత పైకెత్తితే లోపల ఎర్రగా, దువ్వెన పళ్లలా, మొప్పలు కనిపిస్తాయి. ప్రతి పిల్లా ముట్టుకుని చూడాలి, తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఇక తోక చూపండి. చేప తోక నిలువుగా ఉండి పక్కలకు ఊగుతుంది. తిమింగలం తోక అడ్డంగా పరుచుకుని పైకీ కిందికీ కదులుతుంది. దానికి మొప్పలు లేవు. నీటిపైకి వచ్చి తలమీది రంధ్రంతో గాలి పీల్చుకుంటుంది, పిల్లకు పాలిస్తుంది. ఇక్కడ ఒక్క క్షణం ఆగి, క్షీరమంటే పాలని గుర్తుచేయండి.

రెండు ఆనవాళ్లు మాత్రం చెప్పకండి. ఒకటి పరిమాణం. నీలి తిమింగలం 30 మీటర్ల దాకా పెరుగుతుందన్నది నిజమే, కానీ తిమింగల సొర కూడా 10 మీటర్లు దాటుతుంది. అది చేపే, చేపలన్నింటిలోకీ పెద్దది. రెండోది పిల్లల్ని కనడం. ఆ సొర కూడా గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. ‘పిల్లను కంటే క్షీరదం’ అని నేర్చుకున్న పిల్లవాడు సరిగ్గా ఇక్కడే బోల్తా పడతాడు. పాలు, తోక, మొప్పలు, ఈ మూడే చెప్పండి. డాల్ఫిన్ కూడా తిమింగలం పక్కకే వెళుతుంది.

గడుల కింద గుంపుల పేర్లు రాయించండి. ఇంగ్లీషు పట్టికను తెలుగు చేయకండి. ఇంగ్లీషులో కాకుల గుంపును ‘మర్డర్’ అంటారు, దాన్ని ‘కాకుల హత్య’ అని రాసిన చార్టును నేను కళ్లారా చూశాను. మనకు గొర్రెల మంద ఉంది, మిడతల దండు ఉంది, చీమల బారు, కోతిమూక ఉన్నాయి. పలమనేరు, కుప్పం వైపు పొలాల మీదికి వచ్చేది ఏనుగుల గుంపు, గుంపును విడిచి తిరిగేది ఒంటరి ఏనుగు. తిమింగలాలకు గుంపు అంటే సరిపోతుంది, కొత్త మాట పుట్టించనక్కర్లేదు.

ఇప్పుడు అతికించండి. జిగురు ఆరకముందే చార్టును చుట్టకుండా, రాత్రంతా బల్లమీద పరిచి ఉంచండి.