డిలే పెడల్‌లో ఎకో రావట్లేదా? చిప్ పీకే ముందు ఇవి చూడండి

గిటార్ శబ్దాన్ని కాసేపాగి ఎకోలా తిరిగి వినిపించేది డిలే పెడల్. మనవాళ్ళు ఇంట్లో కట్టుకునేది దాదాపుగా పీటీ2399 చిప్ మీద కట్టిందే అయి ఉంటుంది. తైవాన్‌కు చెందిన ప్రిన్స్‌టన్ టెక్నాలజీ దీన్ని కరావోకే మెషిన్ల కోసం తయారు చేస్తే, గిటార్ వాళ్ళు పట్టుకుని వదల్లేదు. పదహారు కాళ్ళు, 5 వోల్టుల సప్లై, చుట్టూ గుప్పెడు రెసిస్టర్లు, కెపాసిటర్లు. నా దగ్గరికి వచ్చిన పెడల్స్‌లో చిప్ నిజంగా పోయినవి చాలా తక్కువ. అయినా అందరూ ముందు చేసే పని చిప్ మార్చడమే. సోల్డరింగ్, మల్టీమీటర్ వాడకం మీకు వచ్చనుకుని రాస్తున్నాను.

ముందు మీటర్ పెట్టండి

ఏ జబ్బుతో వచ్చిన పెడల్‌కైనా మొదట మూడు రీడింగులు తీయాలి. నల్ల ప్రోబ్ గ్రౌండ్ మీద ఉంచి, ఎర్రది 1వ పిన్ మీద పెడితే 5 వోల్టులు రావాలి. 2వ పిన్ మీద అందులో సగం, అంటే 2.5. 6వ పిన్ మీద కూడా 2.5కి అటూ ఇటూ. అర నిమిషం పని. అది చేయకుండా రెండు రోజులు బోర్డు మొత్తం మళ్ళీ సోల్డర్ చేసినవాళ్ళు ఉన్నారు.

1వ పిన్ మీద 5 లేకపోతే తప్పు సాధారణంగా చిప్‌ది కాదు, కరెంటు దానిదాకా రావడం లేదు. బ్యాటరీ మీద చూస్తున్నారా? ఇన్‌పుట్ జాక్‌లో ప్లగ్ పెట్టారా? చాలా పెడల్స్‌లో బ్యాటరీ మైనస్ ఆ జాక్ ద్వారానే గ్రౌండ్‌కి చేరుతుంది, ప్లగ్ లేకపోతే పెడల్ ఆన్ కాదు. దీనికోసం ఒకాయన నాకు రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. అడాప్టరైతే పిన్ చూడండి. గిటార్ పెడల్స్‌కి లోపల మైనస్, బయట ప్లస్ ఉండాలి. హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో మామూలుగా ‘9 వోల్ట్ అడాప్టర్’ అని అడిగితే చేతిలో పెట్టేది ఎక్కువగా దీనికి ఉల్టా.

రెండూ బాగానే ఉంటే 78ఎల్05 రెగ్యులేటర్ చూడండి. కాళ్ళు కిందికి, చదును ముఖం మీ వైపు ఉండేలా పట్టుకుంటే ఎడమ కాలు అవుట్‌పుట్, మధ్యది గ్రౌండ్, కుడిది ఇన్‌పుట్. పెద్ద 7805కి సరిగ్గా తిరగేసి ఉంటుంది. పెద్దదాని అలవాటులో చిన్నదాన్ని తిప్పి పెట్టడం నేనూ చేశాను. ఇంకొకటి, 9 వోల్టుల బ్యాటరీ 7 కంటే కిందికి దిగిపోతే రెగ్యులేటర్ సరిగ్గా 5 ఇవ్వలేదు.

5 ఉండి 2వ పిన్ మీద 2.5 లేకపోతే ఆ పిన్ కెపాసిటర్ తిరగబడిందేమో, పక్క పిన్‌కి సోల్డర్ అంటిందేమో చూడండి. 6వ పిన్ మీద సున్నా ఉంటే అది ఎక్కడో గ్రౌండ్‌కి తగులుతోంది.

ఒక్కోసారి ఎకో వస్తుంది, ఒక్కోసారి రాదు

నన్ను బాగా ఏడిపించింది ఇదే. చర్చిలో గిటార్ వాయించే ఒక కుర్రాడికి పెడల్ కట్టిచ్చాను. ఆదివారం మధ్యాహ్నం ఫోన్: “అన్నా, గిటార్ సౌండ్ వస్తోంది కానీ ఎకో అస్సలు రాలేదు. ఆరాధన మొత్తం అలాగే వాయించా.” తెచ్చిచ్చాడు. నా టేబుల్ మీద స్విచ్ వేయగానే ఎకో శుభ్రంగా వచ్చింది. ఒక సాయంత్రమంతా వాయించాను, ఒక్కసారీ ఆగలేదు. అనుమానంతో చిప్ మార్చి పంపాను. తర్వాతి వారం బాగానే ఉంది. ఆ పై ఆదివారం మళ్ళీ అదే ఫోన్. ఇంకో చిప్ వేశాను. మళ్ళీ అదే కథ.

మూడోసారి పెడల్ నా చేతికిస్తూ, సంచిలో పెట్టే ముందు నాబ్‌లన్నీ సున్నాకి తిప్పి పెడతానని అన్నాడు. ప్రయాణంలో కదిలిపోకుండా ఉంటాయని అతని నమ్మకం. నేనేమో టేబుల్ మీద ఎప్పుడూ నాబ్‌లన్నీ మధ్యలో ఉంచి స్విచ్ వేస్తాను. టైమ్ నాబ్ సున్నాలో పెట్టి అడాప్టర్ తగిలించాను. ఎకో లేదు. నాబ్ పైకి తిప్పాను. అయినా లేదు. ప్లగ్ పీకి, నాబ్ మధ్యలో పెట్టి, పది సెకన్లు ఆగి మళ్ళీ పెట్టాను. ఎకో వచ్చేసింది.

సంగతేమిటంటే, ఈ చిప్‌లో డిలే ఎంతసేపు అన్నది 6వ పిన్ నుంచి గ్రౌండ్‌కి ఉన్న రెసిస్టెన్స్‌ని బట్టి ఉంటుంది. ఎంత తక్కువైతే అంత చిన్న డిలే. కానీ పవర్ వచ్చిన మొదటి అర సెకనులో ఆ రెసిస్టెన్స్ సుమారు 2 కిలో ఓమ్‌ల కంటే తక్కువుంటే చిప్ బిగుసుకుపోవచ్చు. దీన్నే లాచ్ అప్ అంటారు. ఒకసారి బిగుసుకుంటే నాబ్ ఎటు తిప్పినా లాభం లేదు, పవర్ తీసి మళ్ళీ ఇవ్వాల్సిందే. అసలు గిటార్ శబ్దం వేరే దారిలో పోతుంది కాబట్టి అది మామూలుగానే వినిపిస్తుంది. మోసం ఎక్కడంటే, ఒక చిప్ దీనికి తొందరగా పడిపోతుంది, ఇంకొకటి తట్టుకుంటుంది. అందుకే చిప్ మార్చగానే బాగైనట్టు కనిపిస్తుంది.

సులువైన మందు: టైమ్ పాట్‌కి (నాబ్ కింద ఉండే తిప్పుడు రెసిస్టర్‌కి) వరుసలో ఒక 2.7 కిలో ఓమ్ రెసిస్టర్. పాట్ సున్నాకి తిప్పినా 6వ పిన్‌కి అంత రెసిస్టెన్స్ మిగులుతుంది. కొన్ని డయాగ్రమ్‌లలో ఇక్కడ 1 కిలో ఓమ్ మాత్రమే ఉంటుంది, కొన్నింట్లో అదీ ఉండదు. నష్టం ఏమిటంటే, అతి చిన్న డిలే 60 మిల్లీసెకన్ల దగ్గర ఆగిపోతుంది. పాత రాక్ అండ్ రోల్ తరహా స్లాప్‌బ్యాక్‌కి (వెంటనే ఒక్కసారి తిరిగొచ్చే ఎకోకి) కూడా దానికంటే ఎక్కువే కావాలి కాబట్టి నాకెప్పుడూ అది లోటనిపించలేదు. ఆ కుర్రాడి పెడల్‌కి ఇదే చేశాను. ఇప్పటికీ నాబ్‌లు సున్నాకే తిప్పి పెడతాడు, ఫోన్ మాత్రం రాలేదు.

అంతకంటే చిన్న డిలే కావాలంటే ఒక బీసీ547 ట్రాన్సిస్టర్ వేయాలి. పాట్ గ్రౌండ్‌కి వెళ్ళే చోట తీగ తెంపి దాన్ని కలెక్టర్‌కి కలపండి, ఎమిటర్ గ్రౌండ్‌కి. బేస్ నుంచి 5 వోల్టులకు 100 కిలో ఓమ్‌లు, బేస్ నుంచి గ్రౌండ్‌కి 47 మైక్రోఫారడ్‌లు. కెపాసిటర్ నిండేదాకా, అంటే అర సెకను పైచిలుకు, ట్రాన్సిస్టర్ తెరుచుకోదు. ఆలోపు చిప్ కుదురుకుంటుంది. బీసీ547 బదులు 2ఎన్3904 వేస్తే కాళ్ళ వరుస తిరగబడుతుంది, గుర్తుంచుకోండి. ప్లగ్ తీసి వెంటనే పెడితే కెపాసిటర్ ఖాళీ కాక ఈ ఏర్పాటు పనిచేయదు, పది సెకన్లు ఆగాలి.

ఎకో ఎప్పుడూ రాకపోతే

నాబ్ మధ్యలో ఉంచినా రాకపోతే శబ్దం ఎక్కడ ఆగిందో వెతకాలి. ఆంప్‌కి వెళ్ళే వైరు కొసకి 104 అని రాసున్న (అంటే 100 నానోఫారడ్‌ల) కెపాసిటర్ కట్టి, పెడల్ గ్రౌండ్‌నీ ఆంప్ గ్రౌండ్‌నీ కలపండి. ఎవరైనా గిటార్ మీటుతుండగా ఆ కొసతో చిప్ కాళ్ళు తాకండి. 15వ పిన్ దగ్గర గిటార్ వినిపించి 14వ పిన్ దగ్గర ఏమీ లేకపోతే తేడా ఆ మధ్యలో, ఎక్కువగా 7, 8 పిన్‌ల కెపాసిటర్ల దగ్గరే. అక్కడ కూడా 104లే ఉండాలి. 103 వేసినవాళ్ళు చాలామంది. 14 దగ్గర ఎకో వినిపిస్తే చిప్ బాగానే ఉంది, అసలు శబ్దాన్నీ ఎకోనీ కలిపే మిక్స్ పాట్ వైపు వెళ్ళండి.

మిగతావి

ఎకో ఒక్కసారే వచ్చి ఆగిపోతే, దాన్ని మళ్ళీ మళ్ళీ తిప్పే ఫీడ్‌బ్యాక్ పాట్ దగ్గర తీగ ఊడింది. ఆ నాబ్ తగ్గిస్తుంటే గోల పెరిగితే పాట్ రెండు చివర్లలోని కాళ్ళు తారుమారయ్యాయి. ఫుల్‌గా పెట్టినప్పుడు ఊళ పెడితే అది లోపం కాదు, దానికోసమే కొంతమంది ఈ పెడల్ కట్టుకుంటారు.

డిలే పెంచేకొద్దీ బుసబుసమంటే చేయగలిగింది తక్కువ. 340 మిల్లీసెకన్ల వరకు శుభ్రంగా ఉంటుంది, 50 కిలో ఓమ్‌ల పాట్‌తో 600 దాకా లాగితే మురికి తప్పదు. చిన్న డిలేలో కూడా సన్నగా ఈల వినిపిస్తే 1వ పిన్ పక్కనే 100 నానోఫారడ్‌ల కెపాసిటర్ ఉందో లేదో చూడండి, 3, 4 పిన్‌ల గ్రౌండ్‌లను విడివిడిగా తెచ్చి ఒకే చోట కలపండి.

నకిలీ చిప్, చేతి స్టాటిక్‌తో చచ్చిన చిప్, లోపల విరిగిన పాట్: ఇవి జరగవని కాదు, నా టేబుల్ మీద ఎప్పుడో గానీ కనిపించలేదు. పైవన్నీ చూశాకే చిప్ మార్చండి, అదీ సాకెట్ వేసుకుని.