మళ్ళీ లాక్‌డౌన్ లాంటిది వస్తే మన లూథరన్ సంఘాన్ని ఎలా నడుపుకోవాలి

2020 కరోనా గుర్తుందిగా, మార్చి 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి లాక్‌డౌన్, అదీ సరిగ్గా శ్రమకాలం (ఈస్టర్‌కి ముందు నలభై రోజులు) మధ్యలో. ఏప్రిల్ 5 మట్టల ఆదివారం, 10 గుడ్ ఫ్రైడే, 12 ఈస్టర్, మూడూ గుడికి తాళం ఉండగానే అయిపోయాయి. ఏడాదంతా గుడి మొహం చూడనోళ్ళు కూడా గుడ్ ఫ్రైడే రోజు, సిలువమీద యేసు పలికిన ఏడు మాటల ఆరాధనకి తెల్లబట్టలేసుకుని వచ్చి కూర్చుంటారు మన దగ్గర, అలాంటిది ఆ ఏడు ఎవరింట్లో వాళ్ళే. అప్పుడు చాలా సంఘాలు మొట్టమొదట చేసిన పని ఫోన్ స్టాండ్ కొని లైవ్ పెట్టడం. నా లెక్కలో అది నాలుగో పనో ఐదో పనో. మళ్ళీ వస్తే (రాకూడదనే కోరుకుందాం) ఏది ముందు ఏది వెనక అనేది ఇప్పుడే అనుకుని పెట్టుకుంటే మంచిదని రాస్తున్నా. గుంటూరు, రాజమండ్రి వైపు ఆంధ్ర లూథరన్ సంఘాలు కళ్ళముందు పెట్టుకునే రాశా, అటు తిరుపతి, నాయుడుపేట వైపు సౌత్ ఆంధ్ర లూథరన్ సంఘం వాళ్ళకి కూడా పెద్ద తేడా ఉండదు.

ముందు చెయ్యాల్సింది లిస్టు. చందా రిజిస్టర్ చూసి కాపీ కొట్టిన లిస్టు కాదు, ఏ ఇంట్లో ఎవరున్నారు, ఒంటరిగా ఉండే ముసలమ్మలు ఎవరు, షుగర్ బీపీ ఎవరికి, డయాలసిస్‌కి వెళ్ళేవాళ్ళు ఎవరు, రోజు కూలి లేకపోతే పొయ్యి వెలగని ఇళ్ళు ఏవి, ఎవరి దగ్గర స్మార్ట్ ఫోన్ ఉంది ఎవరి దగ్గర బటన్ల ఫోన్ ఉంది ఎవరి దగ్గర అసలేం లేదు, ఇవన్నీ ఉండాలి. ఈ పని యూత్‌కి అప్పగిస్తారు ఎక్కువ చోట్ల, ఎక్సెల్ వచ్చని. నన్నడిగితే స్త్రీల సమాజం వాళ్ళకి ఇవ్వండి, ఏ ఇంట్లో పొయ్యి వెలిగిందో లేదో వాళ్ళకి తెలిసినంత అయ్యగారికి (పాస్టరుకి) కూడా తెలీదు, కావాలంటే టైప్ చేసేది యూత్ చేస్తారు. పదేసి ఇళ్ళకి ఒక మనిషి, వారానికి రెండుసార్లు ఫోన్, ఫోన్ లేని ఇంటికి గేటు బయటనుంచే పిలిచి మాట్లాడి రావడం. సంఘం నిలబడేది దీనిమీదే, లైవ్ లేకపోయినా నడుస్తుంది గానీ ఇది లేకపోతే నడవదు.

ఇంకొకటి ముందే తేల్చుకోవాల్సింది, "విశ్వాసం ఉన్నోళ్ళకి ఏమీ కాదు, గుడి మూస్తే అవిశ్వాసం" అనే పెద్దలు ప్రతి సంఘంలో ఒకరిద్దరు ఉంటారు, వాళ్ళతో గొడవ పెట్టుకోకుండా మన సంఘాలకి పేరిచ్చిన జర్మనీ సంస్కర్త మార్టిన్ లూథర్ గారినే ముందు పెట్టండి. 1527లో ఆయన ఉండే విట్టెన్‌బెర్గ్‌లోకి ప్లేగు వస్తే యూనివర్సిటీని యేనా ఊరికి తరలించారు, ఆయన్నీ వెళ్ళమన్నారు, ఆయన మాత్రం ఇంట్లో భార్య గర్భవతిగా ఉండి కూడా వెళ్ళలేదు, జబ్బుపడ్డవాళ్ళని ఇంట్లో పెట్టుకుని చూసుకున్నారు. ప్లేగు వస్తే పారిపోవచ్చా అని బ్రెస్లౌ ఊరి పాస్టరు యోహాన్ హెస్ అడిగితే ఆయన రాసిన జవాబు ఉత్తరం ఇప్పటికీ ఉంది. దాని సారం ఏంటంటే, కాపరి మందని వదిలి పోకూడదు, కానీ మందు వేసుకోవాలి, ఇంటికి పొగ వెయ్యాలి, అవసరం లేని చోటికి వెళ్ళి జబ్బు తెచ్చుకోకూడదు, ఇంకొకరికి అంటించకూడదు, మందు వద్దని మొండికేసేవాడు దేవుణ్ణి శోధిస్తున్నట్టే. వ్యాక్సిన్ గురించి పుకార్లు వచ్చినప్పుడు కూడా ఇదే చదివి వినిపించండి, మన సంఘంలో దీనికి ఎదురు చెప్పేవాళ్ళు తక్కువే ఉంటారు.

ఇక ఆరాధన. ఆదివారం గుడిలో జరిగేదాన్ని మొత్తం తీసుకెళ్ళి ఫోన్లో కుక్కాలని చూడొద్దు. ఇంటికి వెళ్ళగలిగేవి ఉన్నాయి, వెళ్ళలేనివి ఉన్నాయి. వాక్యం, ప్రార్థన, కీర్తన, కేటెకిజం (ప్రశ్నలూ జవాబులుగా ఉండే విశ్వాస పాఠాలు) ఇవన్నీ ఇంటికి వెళ్తాయి, అసలు 1529లో లూథర్ గారు చిన్న కేటెకిజం రాసిందే ఇంటి యజమాని తన ఇంట్లోవాళ్ళకి నేర్పడానికి, పొద్దున్నే రాత్రి చేసుకునే ప్రార్థనలు కూడా అందులోనే ఉన్నాయి. అందుకని ఇంటి ఆరాధన క్రమం ఒక్క పేజీలో పెట్టండి: త్రియేక దేవుని నామంలో మొదలు, పాప ఒప్పుకోలు, ఆ వారం కీర్తన, ఆ ఆదివారానికి ఉన్న సువార్త పాఠం, అయ్యగారి ప్రసంగం ఆడియో, విశ్వాస ప్రమాణం, ప్రార్థన, పరలోక ప్రార్థన, "యెహోవా నిన్ను ఆశీర్వదించి నిన్ను కాపాడునుగాక" తో ముగింపు. ముప్పావుగంట దాటనివ్వకండి. కీర్తన ఎంచేటప్పుడు పుస్తకం చూడకుండా అమ్మమ్మ కూడా ఎత్తుకోగలిగేది ఎంచండి, కొత్త పాటలకి ఇది టైం కాదు.

గుడి గంట మాత్రం మానొద్దు. గుడి మూసినా సరే ఒక్క మనిషి వెళ్ళి ప్రతి ఆదివారం కొట్టే టైంకే గంట కొట్టాలి, ఆ గంటకే ఇళ్ళల్లో మొదలుపెట్టమని చెప్పండి. లైవ్‌లో ముప్పైమంది ఉన్నారా నలభైమంది ఉన్నారా అని లెక్క చూసుకోవడం కంటే ఊరంతా ఒకే టైంకి మొదలుపెట్టారన్నది చాలా మేలు.

ఆడియో గురించి కొంచెం ఎక్కువ చెప్తా, ఎందుకంటే అందరూ ఇక్కడే పాడుచేస్తారు. ఫోన్ గుడి వెనక బల్లమీద పెట్టి తీస్తే ఫ్యాను హోరు, గోడల ప్రతిధ్వని తప్ప ఏమీ వినపడదు. అయ్యగారు చిన్న గదిలో కూర్చుని, ఫ్యాను ఆపేసి, కిటికీ మూసి, ఫోన్ నోటికి జానెడు దూరంలో పెట్టుకుని మాట్లాడితే చాలు, స్టూడియో అక్కర్లేదు. ప్రసంగం పన్నెండు పదిహేను నిమిషాలు, దాన్ని రెండు ముక్కలుగా పంపితే సిగ్నల్ సరిగ్గా లేనిచోట కూడా దిగుతుంది. వాట్సాప్ గ్రూప్‌ని అడ్మిన్లు మాత్రమే పంపేలా పెట్టండి, లేకపోతే ఆడియో పైకి జరిగిపోయి గుడ్ మార్నింగ్ పూలబొమ్మలు మిగుల్తాయి. జూమ్‌లో చేసేవాళ్ళు అందరూ కలిసి విశ్వాస ప్రమాణం చెప్పాలని చూస్తే ఒకరు "పరలోకమునకెక్కి" దగ్గర ఉంటే ఇంకొకరు ఇంకా "పొంతి పిలాతు" దగ్గరే ఉంటారు, నెట్ అలా ఆలస్యం చేస్తుంది మరి, కాబట్టి అందరినీ మ్యూట్‌లో పెట్టి ఒక్క కుటుంబం చెప్తే మిగతావాళ్ళు ఇంట్లో వాళ్ళతోపాటు చెప్పుకోవాలి, ఆ కుటుంబాన్ని వారం వారం మార్చండి. బటన్ల ఫోన్ ఉన్న పెద్దవాళ్ళకి కాన్ఫరెన్స్ కాల్ ఉంది, నలుగురైదుగురిని కలిపి ఒక పాఠం చదివి ప్రార్థన చేస్తే పది నిమిషాల పని.

సంస్కారం, అంటే ప్రభు రాత్రి భోజనం, దాని దగ్గరే అసలు చిక్కు. ఎవరింట్లో వాళ్ళు బిస్కెట్టూ ద్రాక్షరసం పెట్టుకుని స్క్రీన్ ముందు తీసుకుంటే సరిపోదా అని చాలామంది అడిగారు, అమెరికా లూథరన్లలో కూడా ఇదే వాదన నడిచింది, అక్కడి రెండు పెద్ద లూథరన్ సంఘాల్లో మిస్సోరి సినాడ్ వద్దని గట్టిగానే చెప్పింది, ఈఎల్‌సీఏ కూడా మొదట్లో అలా చెయ్యకుండా వాక్య ఆరాధనతో సరిపెట్టుకోమనే సలహా ఇచ్చింది. నా మాట కూడా వద్దనే. కూడుకున్న సంఘంలో మాట పలికి, అదే రొట్టె, అదే పాత్ర పంచి, తీసుకోవడం మన క్రమం, దాన్ని ముక్కలు చేస్తే ఏం మిగుల్తుందో తెలీదు. కొన్ని నెలలు సంస్కారం లేక ఆకలిగా ఉండటం వల్ల రక్షణ పోదు, బాప్తిస్మం ఎక్కడికీ పోలేదు, వాక్యం ఎక్కడికీ పోలేదు. చావు దగ్గరికొచ్చినవాళ్ళు అడిగితే మాత్రం అది వేరే, డాక్టర్ ఒప్పుకుంటే అయ్యగారు మాస్కు వేసుకుని వెళ్ళి ఇవ్వాలి. పాప ఒప్పుకోలుకి ఇంత ఇబ్బంది లేదు, ఒక్కొక్కరుగా ఫోన్లో అయ్యగారితో ఒప్పుకుని క్షమాపణ మాట వినొచ్చు. అలాగే పుట్టిన బిడ్డ ప్రాణం మీదికొస్తే అయ్యగారు వచ్చేదాకా ఆగక్కర్లేదు, విశ్వాసి ఎవరైనా నీళ్ళు పోసి తండ్రి కుమార పరిశుద్ధాత్మ నామంలో బాప్తిస్మం ఇవ్వొచ్చు, తర్వాత చెప్పి రిజిస్టర్లో రాయించుకోవాలి.

గుడి తెరిచాక ఏం చెయ్యాలంటే, 2020 జూన్ 8న ప్రార్థనా స్థలాలు తెరిచినప్పుడు కేంద్రం ఇచ్చిన నియమాలే మంచి కొలబద్ద. ఆరడుగుల దూరం, అరవై ఐదు దాటినవాళ్ళు, పదేళ్ళలోపు పిల్లలు, గర్భిణులు ఇంటిదగ్గరే, క్వయిర్ (పాటల బృందం) వద్దు, ఉమ్మడి చాపలు వద్దు ఎవరి గుడ్డ వాళ్ళే తెచ్చుకుని మళ్ళీ తీసుకెళ్ళాలి. క్వయిర్ వద్దనడం చాలామందికి నచ్చలేదు గానీ దానికి కారణం ఉంది, 2020 మార్చి 10న అమెరికాలో స్కాజిట్ వ్యాలీ క్వయిర్ ఒక్క సాయంత్రం ప్రాక్టీసు చేస్తే వచ్చిన 61 మందిలో 53 మందికి కరోనా వచ్చింది, ఇద్దరు చనిపోయారు. కాబట్టి పాడాలనుంటే బయట, వేపచెట్టు కిందో పందిరి కిందో, మాస్కుతో, రెండు చరణాలు. లోపలైతే కిటికీలన్నీ బార్లా తెరవాలి, ఏసీ వద్దు. ఒక్క ఆరాధన కాదు, వాడల వారీగా రెండు మూడు పెట్టండి, అయ్యగారికి శ్రమే. సంస్కారానికి ఉమ్మడి పాత్ర పక్కన పెట్టి చిన్న కప్పులు ముందే పోసి ఉంచండి, అప్పం (సంస్కారపు రొట్టె) చేతిలో పెట్టకుండా పళ్ళెంలో విడివిడిగా సర్దండి. అప్పం ముంచి తీసుకుంటే సేఫ్ అనుకుంటారు, కానీ ఆ ముంచేటప్పుడే వేళ్ళు రసంలో పడతాయి.

చావులు. ఇది రాయబుద్ధి కాదు గానీ 2021 ఏప్రిల్, మే కరోనా రెండో వేవ్ చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. లాక్‌డౌన్ నియమాల్లో అంత్యక్రియలకి ఇరవై మంది అన్నారు, కరోనాతో పోయినవాళ్ళ శవాన్ని కడగడం, ముద్దుపెట్టడం, కౌగిలించుకోవడం వద్దన్నారు, కానీ ముట్టుకోకుండా వాక్యం చదవడానికి ఒప్పుకున్నారు, ఇది చాలామందికి తెలియక అసలు ప్రార్థనే లేకుండా పంపేశారు. అందుకని అయ్యగారి కోసం పొట్టి భూస్థాపన క్రమం ఒకటి రాసి ఉంచండి, పది నిమిషాలది, దూరంగా నిలబడి గట్టిగా చదవగలిగేది. సమాధుల తోటలో గుంట తవ్వే మనుషులతో ముందే మాట్లాడి ఉంచుకోండి, ఆ రోజు ఎవరూ రారు. ఆదరణ కూడిక తర్వాత, గుడి తెరిచాక, పేర్లన్నీ చదివి అందరికీ కలిపి పెట్టండి.

డబ్బు విషయం చివర్లో రాస్తున్నా గానీ అయ్యగారి జీతం సంగతి రెండో వారంలోనే తగులుకుంటుంది. కానుకలకి క్యూఆర్ పెట్టండి, సంఘం బ్యాంకు అకౌంటుకే, ట్రెజరర్ సొంత నంబరుకి ఎట్టి పరిస్థితిలోనూ కాదు, ఆయన ఎంత మంచివాడైనా సరే. నెలకోసారి వచ్చిందెంత పోయిందెంత అని గ్రూపులో పెట్టండి. ఫోన్ లేనివాళ్ళు కవర్లో వేసి ఉంచితే ఆ పది ఇళ్ళు చూసే మనిషి తెచ్చుకుంటారు. వంటకి ముందు గుడికని తీసిపెట్టే గుప్పెడు బియ్యం మాత్రం ఆపొద్దు, గేటు దగ్గర సంచిలో పోయించుకుని, మొదట రాసిన లిస్టులో పొయ్యి వెలగని ఇళ్ళకి అదే వారం చేర్చెయ్యండి, పేరు గ్రూపులో పెట్టకుండా, ఫోటో తియ్యకుండా.