ఇమ్యునోథెరపీ తర్వాత దగ్గా? ఊపిరితిత్తుల వాపేమో ఇలా చూడండి

మా మామయ్యకి పెంబ్రోలిజుమాబ్ (క్యాన్సర్ మీదికి ఒంట్లోని రోగనిరోధక శక్తిని ఉసిగొల్పే ఇమ్యునోథెరపీ మందు) మూడో డోసు అయ్యాక పొడి దగ్గు పట్టుకుంది, తిరుపతి దుమ్ముకేలే అనుకున్నాం. తీరా చూస్తే ఇంట్లో రెండు గదులు దాటేసరికి అలిపిరి మెట్లెక్కినట్టు ఆయాసం. ఈ మందు వల్ల ఒక్కోసారి ఊపిరితిత్తులకే వాపు వస్తుంది.

ముందు ఆక్సీమీటర్ పెట్టండి. కూర్చున్నప్పుడు 96 చూపించి, నాలుగు అడుగులు నడిచాక 90కి దిగితే తర్వాతి డోసు దాకా ఆగకుండా ఆరోజే క్యాన్సర్ డాక్టర్‌కి చెప్పండి. కూర్చున్నా ఆయాసమే అయితే నేరుగా ఎమర్జెన్సీకే. మందు ఆపిన నెలల తర్వాత కూడా ఈ వాపు రావచ్చు, కాబట్టి వేరే డాక్టర్ దగ్గరికెళ్లినా ఇమ్యునోథెరపీ సంగతి మీరే చెప్పాలి.

ఎక్స్‌రేలో ఏమీ కనపడకపోవచ్చు, సీటీ కావాలి. పాత సీటీ ఫిల్ములు కూడా పట్టుకెళ్లండి, కొత్త మచ్చలేవో పోల్చి చూస్తేనే తెలిసేది.

అసలు చిక్కేమిటంటే, ఇదేనని తేల్చే ఒక్క టెస్టంటూ లేదు. న్యుమోనియా, టీబీ, రక్తం గడ్డ, గుండె జబ్బు, క్యాన్సర్ పాకడం, పాత రేడియేషన్ ప్రభావం, ఇవన్నీ కావని చూసుకుంటూ రావాలి. అందుకే కళ్లె పరీక్ష, రక్త పరీక్షలు, అవసరమైతే బ్రాంకోస్కోపీ (సన్నటి గొట్టంతో ఊపిరితిత్తుల లోపల చూడటం) చేస్తారు.

మెడికల్ షాపులో అడిగి స్టెరాయిడ్ మాత్రలు మాత్రం వేసుకోకండి. దీనికి అసలు మందు అదే, కానీ లోపల టీబీ ఉంటే కొంప మునుగుతుంది.