పాత వీఎంసీకి కొత్త కంట్రోల్ – 4వ భాగం: లూప్ కలపకముందే యాక్సిస్ కదపాలి

కిందటి భాగం అయ్యేసరికి వీఎంసీ (నిలువు స్పిండిల్ ఉన్న సీఎన్‌సీ మిల్లింగ్ మెషిన్) పాత కంట్రోల్ బయటికొచ్చేసింది, ఎమర్జెన్సీ చైన్‌కి 24 వోల్టుల రిలేలతో విడిగా వైరింగ్ అయింది, మెసా 7ఐ77 కార్డు (కంప్యూటర్‌కీ మోటార్ డ్రైవ్‌లకీ మధ్య సిగ్నళ్లు అందించేది) ప్యానెల్లో బిగించాం. ఇక్కడిదాకా వచ్చాక చేయి ఊరుకోదు. లినక్స్‌సీఎన్‌సీ (మెషిన్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) తెరిచి, ఎఫ్2 కొట్టి మెషిన్ ఆన్ చేసి, జాగ్ (యాక్సిస్‌ని కదిపే బటన్) నొక్కేద్దామనిపిస్తుంది. వద్దు. ఆత్రగాడికి బుద్ధి మట్టు అన్నట్టు అవుతుంది.

ఎందుకంటే లూప్ పనిచేసేది ఇలా: టేబుల్ ఉండాల్సిన చోటుకి, ఎన్‌కోడర్ (మోటార్ ఎంత తిరిగిందో లెక్కపెట్టేది) చెప్పే చోటుకి ఉన్న తేడా చూసి కంప్యూటర్ డ్రైవ్‌కి (మోటార్‌ని తిప్పే యూనిట్‌కి) వోల్టేజి పంపిస్తుంది. ఎన్‌కోడర్ తిరగబడి చదువుతుంటే, సరిదిద్దబోయిన కొద్దీ తేడా పెరుగుతుంది, తేడా పెరిగిన కొద్దీ వోల్టేజి పెరుగుతుంది, రెప్పపాటులో 10 వోల్టులకి వెళ్లిపోయి టేబుల్ ఫుల్ స్పీడులో చివరికి పోయి గుద్దుకుంటుంది. దీన్నే రనవే అంటారు. కారణం చాలాసార్లు ఒక మైనస్ గుర్తే, పోయేది మాత్రం బాల్ స్క్రూ బేరింగులు.

లెక్కలకి ఒక మెషిన్ అనుకుందాం: బాలానగర్, జీడిమెట్ల షెడ్లలో కనిపించే రకం, కాస్టింగ్, స్క్రూలు దిట్టంగా ఉండి కంట్రోల్ మాత్రమే చచ్చిపోయినది. ఎక్స్ యాక్సిస్‌కి డీసీ సర్వో మోటార్, వెనకాల టాకో (మోటార్ వేగాన్ని డ్రైవ్‌కి వోల్టేజిగా చెప్పే చిన్న జనరేటర్), 2500 లైన్ల ఎన్‌కోడర్, 10 మిల్లీమీటర్ల పిచ్ స్క్రూకి నేరుగా కప్లింగ్. డ్రైవ్‌కి 10 వోల్టులిస్తే మోటార్ 2000 ఆర్‌పీఎం తిరుగుతుంది. మీ మెషిన్‌వి వేరే అంకెలైతే అవే వేసుకోండి, పద్ధతి మారదు.

ముందుగా కంప్యూటర్‌ని పూర్తిగా పక్కన పెట్టండి. వీలైతే కప్లింగ్ వదులు చేసి మోటార్‌ని స్క్రూ నుంచి విడదీయండి. కుదరకపోతే టేబుల్‌ని ట్రావెల్ మధ్యకి తెచ్చి, ఒకరు ఎమర్జెన్సీ బటన్ మీద చేయి పెట్టుకుని నిలబడాలి. డ్రైవ్ కమాండ్ టెర్మినళ్లు రెండింటినీ చిన్న వైరుతో షార్ట్ చేసి, అంటే సున్నా వోల్టులిచ్చి, ఎనేబుల్ చేయండి. వాటిని ఉత్తగా వదిలేస్తే నాయిస్ పట్టుకుని మోటార్ ఇష్టమొచ్చినట్టు తిరుగుతుంది, డ్రైవ్ పాడైందనుకుని మీరు బెంగపడతారు.

ఇప్పుడు మూడింటిలో ఒకటి జరుగుతుంది. షాఫ్ట్ చేత్తో తిప్పినా తిరగకుండా బిగుసుకుపోయి నిలబడితే హాయి. మెల్లగా పాకుతుంటే డ్రైవ్ మీద ఆఫ్‌సెట్ అని రాసున్న పాట్‌ని (తిప్పి సర్దే రెసిస్టర్‌ని) చిన్న స్క్రూడ్రైవర్‌తో ఆగేదాకా తిప్పండి. డ్రైవ్ ఓ పావుగంట వేడెక్కాక చేస్తే మళ్లీ మళ్లీ చేసే పని ఉండదు. ఎనేబుల్ చేయగానే ఒక్కసారిగా ఎగిరి తిరిగితే మాత్రం వెంటనే కట్ చేయండి. టాకో వైరు తెగింది, లేదా తిరగేసి కలిపారు. తిరగేసి ఉంటే టాకో వైర్లు రెండూ మార్చండి లేదా ఆర్మేచర్ (మోటార్ పవర్) వైర్లు మార్చండి, రెండు జతలూ మారిస్తే మళ్లీ మొదటికే వస్తారు. ఇవన్నీ పవర్ తీసేసి, డీసీ బస్ కెపాసిటర్లు దిగాయని మీటర్ పెట్టి చూశాకే.

తర్వాత షార్ట్ తీసేయండి. మామూలు పెన్సిల్ సెల్లు ఒకటి, 1 కిలో ఓమ్ పాట్ ఒకటి తీసుకోండి. సెల్లు రెండు కొసలూ పాట్ రెండు చివరలకి, పాట్ మధ్య కాలు కమాండ్ ప్లస్‌కి, సెల్లు మైనస్ కమాండ్ మైనస్‌కి. ఈ చిన్న సరంజామా నా లెక్కలో ఓసిలోస్కోప్ కంటే ముందు ఉండాల్సిన పనిముట్టు. పాట్ సున్నా దగ్గర పెట్టి ఎనేబుల్ చేసి మెల్లగా పెంచండి. 0.1 వోల్టుకి మోటార్ 20 ఆర్‌పీఎం, అంటే టేబుల్ నిమిషానికి 200 మిల్లీమీటర్లు. కప్లింగ్ బిగించి ఉంటే 0.5 వోల్టు దగ్గర ఆరు సెకన్లు నడిపి టేపుతో కొలవండి, 100 మిల్లీమీటర్ల చుట్టుపక్కల రావాలి. సెల్లు మొత్తం 1.5 వోల్టులూ ఇచ్చేస్తే సెకనుకి 50 మిల్లీమీటర్లు పోతుంది, కాబట్టి పాట్ లేకుండా సెల్లు నేరుగా తగిలించొద్దు. సెల్లు తిరగేస్తే అంతే వేగంతో వెనక్కి రావాలి. ఈ పరీక్ష నెగ్గితే డ్రైవ్, మోటార్, టాకో మూడూ మంచివే, ఇక మీదట తప్పు ఎక్కడున్నా అది ఎన్‌కోడర్‌లోనో, మన వైరింగ్‌లోనో, సెట్టింగులోనో ఉన్నట్టే.

రెండోది ఎన్‌కోడర్. డ్రైవ్ ఆఫ్ చేసి, కప్లింగ్ విడదీసి ఉంటే మళ్లీ బిగించి, లినక్స్‌సీఎన్‌సీలోని హాల్‌మీటర్‌లో కౌంట్ చూస్తూ స్క్రూని చేత్తో ఒక చుట్టు తిప్పండి. 2500 లైన్లు నాలుగింతలై 10,000 కౌంట్లు రావాలి, అంటే మిల్లీమీటరుకి 1000, ఒక కౌంటుకి ఒక మైక్రాన్. టేబుల్‌కి డయల్ గేజ్ ఆనించి సున్నా చేసుకుని, దూరంగా తీసుకెళ్లి, వచ్చిన వైపు నుంచే మళ్లీ డయల్ సున్నాకి తెండి. కౌంట్ కూడా మొదటి అంకె దగ్గరికే రావాలి. ప్రతిసారీ కాస్త జారుతుంటే ముందు ఎన్‌కోడర్ దగ్గరే 5 వోల్టుల సప్లయి కొలవండి. పొడుగాటి సన్న వైర్లలో 4.75 కంటే కిందికి పడిపోవడం మామూలే, కేబుల్లో ఖాళీగా ఉన్న వైర్లు ఉంటే సప్లయికి జోడించండి. అది బాగుంటే కేబుల్ షీల్డ్ (నాయిస్ ఆపే తొడుగు) సంగతి చూడండి.

దిక్కు దగ్గర చాలామంది తికమకపడతారు. ఎక్స్ ప్లస్ అంటే టూల్ జాబ్ మీద కుడివైపుకి వెళ్లడం, మన మెషిన్లో కదిలేది టేబుల్ కాబట్టి టేబుల్ ఎడమకి పోవాలి. టేబుల్‌ని ఎడమకి తిప్పినప్పుడు పొజిషన్ పెరగకపోతే ఎన్‌కోడర్ స్కేల్ ముందు మైనస్ పెట్టండి. దీన్ని ఇక ముట్టుకోవద్దు.

మూడోది కార్డు. సెల్లు తీసేసి అనలాగ్ ఔట్‌పుట్ కలపండి. 2000 ఆర్‌పీఎంకి సెకనుకి 333.3 మిల్లీమీటర్లు కాబట్టి 10 వోల్టుల స్కేల్ అంతే పెట్టండి, దీనివల్ల వచ్చే భాగంలో ట్యూనింగ్ సగం తేలికవుతుంది. లూప్ కలపకుండానే, చేత్తో సెకనుకి 3 మిల్లీమీటర్లకి సరిపడా వోల్టేజి పంపి పొజిషన్ చూడండి. పెరిగితే సరే, తగ్గితే ఈసారి మైనస్ ఔట్‌పుట్ స్కేల్‌కి.

అప్పుడు లూప్. పీఐడీ (తేడాని బట్టి ఎంత ఔట్‌పుట్ పంపాలో లెక్కేసేది) సెట్టింగుల్లో పీ 5, మిగతావన్నీ సున్నా. పీఐడీ గరిష్ఠ ఔట్‌పుట్ సెకనుకి 20 మిల్లీమీటర్లు, జాగ్ వేగం సెకనుకి 10, ఎర్రర్ పరిమితులు (టేబుల్ ఎంత వెనకబడితే ఆపాలో చెప్పేవి) రెండూ తాత్కాలికంగా 5 మిల్లీమీటర్లు. వేగం 10ని పీ 5తో భాగిస్తే టేబుల్ 2 మిల్లీమీటర్లు వెనకబడి నడుస్తుంది, అది తప్పు కాదు, ఇప్పటికి అంతే కావాలి. పొరపాటున ఇంకా ఎక్కడో గుర్తు తిరగబడి ఉన్నా, డ్రైవ్‌కి 0.6 వోల్టులు మించి వెళ్లవు, 5 మిల్లీమీటర్ల తేడా రాగానే ఫాలోయింగ్ ఎర్రర్ కొట్టి ఆగిపోతుంది. చిన్న చిన్న జాగ్‌లతో రెండు వైపులా నడిపి చూడండి.

వై కూడా ఇలాగే. జెడ్ అన్నిటికన్నా చివర. డ్రైవ్ ఆఫ్ అయితే బ్రేక్ పట్టుకోకపోతే హెడ్ మొత్తం కిందికి జారుతుంది, కాబట్టి స్పిండిల్ కింద గట్టి చెక్క దిమ్మ పెట్టాకే జెడ్ కప్లింగ్, బ్రేక్ వైర్ల జోలికి వెళ్లండి. మూడు యాక్సిస్‌ల స్కేళ్లు, గుర్తులు, 0.5 వోల్టుకి మీరు కొలిచిన దూరం ఒక కాగితం మీద రాసి ప్యానెల్ తలుపు లోపల అంటించండి. 5వ భాగంలో హాల్‌స్కోప్ (సిగ్నళ్లని గీతలుగా చూపేది) తెరిచినప్పుడు మొదట అడిగేది ఆ అంకెలే.