చెన్నై చూడాలంటే గడియారం చూసుకుని బయలుదేరండి

చెన్నై వచ్చే మనవాళ్ళు చాలామంది తొమ్మిదికి లేచి, హోటల్లోనే టిఫిన్ కానిచ్చి, పదకొండుకి క్యాబ్ ఎక్కుతారు. గుడికి చేరేసరికి తలుపులు వేసే వేళవుతుంది, ఎండ మాడు పగలగొడుతుంటుంది, ఇక మిగిలేది టీ నగర్ చీరల షాపులే. తర్వాత ఊరికెళ్ళి చెన్నైలో చూడ్డానికేమీ లేదంటారు. ఇక్కడ పెద్ద గుళ్ళన్నీ దాదాపు మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా మూసి ఉంటాయి, మంచి టిఫిన్ పొద్దున్నే అయిపోతుంది, మ్యూజియాలకేమో శుక్రవారం సెలవు. ఈ మూడూ గుర్తుపెట్టుకుని ప్లాన్ వేసుకుంటే రెండు రోజుల్లో బోలెడంత చూడొచ్చు.

మొదటి పొద్దు మైలాపూర్‌కి ఇవ్వండి. తిరుమయిలై స్టేషన్లో దిగితే కపాలీశ్వరుడి గుడి నడిచే దూరమే. ఏడింటికల్లా అక్కడుంటే పూలమ్మేవాళ్ళ హడావిడి, గుమ్మాల ముందు ముగ్గులు, కోనేటి చుట్టూ నడిచే పెద్దవాళ్ళు అన్నీ కనిపిస్తాయి. గోపురం ఫోటో తీసుకుని వచ్చేయకుండా లోపల పొన్నచెట్టు దగ్గరకి వెళ్ళండి, పార్వతి నెమలి రూపంలో శివుణ్ణి పూజించిన కథ అక్కడిదే. దర్శనం అయ్యాక మాడ వీధుల్లో తిరుగుతూ తినండి. అరుండేల్ వీధిలో రాయర్ మెస్ చిన్నది, పొద్దున్నే వెళ్ళాలి, కాసేపు నిలబడాల్సి రావచ్చు. గుడి దగ్గర్లోనే ఒక ఇంటి కిటికీలోంచి పొంగలూ బజ్జీలూ అందించే కొట్టుంది, జన్నల్ కడై అని అడిగితే ఎవరైనా చూపిస్తారు. పొంగల్లో నెయ్యి, మిరియాలు దండిగా ఉంటాయి, మన అల్లప్పచ్చడి కోసం మాత్రం వెతక్కండి. కాఫీలో పంచదార తక్కువ కావాలంటే ముందే "సక్కరై కమ్మి" అనాలి, డబరా చేతికొచ్చాక చెప్పి లాభం లేదు.

మైలాపూర్ దాకా వచ్చి తెలుగువాళ్ళు వదిలేయకూడని ఇల్లొకటి రాయపేట హైరోడ్డులో ఉంది. పొట్టి శ్రీరాములు నిరాహార దీక్ష చేసి 1952 డిసెంబర్ 15న ప్రాణాలు వదిలింది అక్కడే, బులుసు సాంబమూర్తి ఇంట్లో. ఇప్పుడది స్మారక భవనం. పెద్దగా హంగులేమీ ఉండవు, పది నిమిషాలు చాలు, కానీ మన బడి పుస్తకాల్లో ఒక్క పేరాలో ముగించేసిన సంగతి ఆ వీధిలో నిలబడితే వేరేగా అనిపిస్తుంది.

గుళ్ళు మూసే ఆ నాలుగు గంటలకీ ఎగ్మూర్ ప్రభుత్వ మ్యూజియం ఉంది. 1851లో మొదలైంది. అందరూ చోళుల కంచు విగ్రహాల గదికి పరిగెత్తుతారు, అక్కడి నటరాజుల్ని చూశాక వాళ్ళని తప్పు పట్టలేం. మీరు మాత్రం ముందు అమరావతి శిల్పాల దగ్గర ఆగండి. 1845లో వాల్టర్ ఇలియట్ అనే అధికారి స్తూపం దగ్గర తవ్వించి మద్రాసుకి తెప్పించిన రాళ్ళివి, వాటిలో కొన్ని తర్వాత ఓడెక్కి లండన్ పోయాయి, ఇక్కడ మిగిలినవే మనకి దగ్గర్లో ఉన్నవి. ఒక గుండ్రటి పలకలో మదమెక్కిన నలగిరి ఏనుగు వీధిలోకి దూసుకొస్తుంటుంది, జనం బెదిరిపోతుంటారు, అదే ఏనుగు ఆ పలకలోనే ఇంకోపక్క బుద్ధుడి కాళ్ళ దగ్గర మోకరిల్లి ఉంటుంది. రెండు వేర్వేరు ఏనుగులనుకుని దాటిపోతారు చాలామంది. మేడల మీంచి తొంగిచూసే ఆడవాళ్ళ ముఖాలు కూడా చూడండి. విజయవాడ నుంచి వచ్చి ఇది చూడకుండా మాల్‌కి వెళ్ళేవాళ్ళని చూస్తే నాకు చిరాకే.

టైముంటే సెయింట్ జార్జ్ కోట కూడా చూడొచ్చు. ఈ స్థలం 1639లో ఈస్టిండియా కంపెనీకి ఇచ్చింది దామెర్ల వెంకటాద్రి నాయకుడు, మనవాడే. లోపల సచివాలయం ఉంది కాబట్టి ఐడీ కార్డు దగ్గర పెట్టుకోండి. 1680 నాటి సెయింట్ మేరీస్ చర్చి లోపలే ఉంటుంది. అక్కణ్ణుంచి మౌంట్ రోడ్డు వైపు వెళ్తే గుర్రమ్మీద మన్రో దొర విగ్రహం కనిపిస్తుంది, ఒకప్పుడు సీమకి కలెక్టరుగా చేసినవాడు కాబట్టి రాయలసీమవాళ్ళైతే ఆటో ఆపిస్తారు. కాళ్ళకి రికాబులున్నాయేమో చూడండి, ఉండవు.

సాయంత్రానికి రెండు దారులు. పద్ధతిగా కావాలంటే ట్రిప్లికేన్‌లో పార్థసారథి దర్శనం, ఆ తర్వాత రత్నా కేఫ్. ఇడ్లీలు సాంబారులో మునిగిపోయేలా పోస్తారు, మళ్ళీ అడిగితే మళ్ళీ పోస్తారు. కొత్తది కావాలంటే బీచ్ స్టేషన్ ఎదురుగా బర్మా బజార్ వైపు వెళ్ళి అత్తో తినండి. 1960లలో బర్మా నుంచి తిరిగొచ్చిన తమిళులు తెచ్చిన వంటకం ఇది. నూడుల్సులో క్యాబేజీ, ఉల్లిపాయ, చింతపండు పులుసు, వేయించిన వెల్లుల్లి వేసి చేత్తో కలిపి ఇస్తారు, పక్కన అరటిదూట సూపు. చేత్తో కలపడం నచ్చనివాళ్ళు ఉడికించిన గుడ్డు మధ్యలో వేయించిన ఉల్లిపాయ కూరి ఇచ్చేది తీసుకోండి.

రెండోరోజు పెందలాడే మహాబలిపురం, ఈసీఆర్ (సముద్రం పక్కన పోయే ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద దాదాపు 55 కిలోమీటర్లు. పిల్లలతో వెళ్తే ఎండెక్కక ముందే పంచ రథాలు చూసేయండి. అక్కడ పూర్తికాని భాగాల్ని వెతకడం సరదాగా ఉంటుంది, పైనుంచి కిందికి చెక్కుతూ వచ్చి ఎక్కడ ఆపేశారో తెలిసిపోతుంది. తిరుగు ప్రయాణంలో ముట్టుకాడు దగ్గర దక్షిణచిత్ర, మంగళవారం తప్ప. నాలుగు దక్షిణ రాష్ట్రాల పాత ఇళ్ళని తెచ్చి మళ్ళీ కట్టారు, ఉత్తర కోస్తా చుట్టిల్లూ ఉంది, మన పిల్లలకి దాన్ని చెన్నైలో చూపించాల్సి రావడం కాస్త వింతే.

ఎప్పుడు రావాలంటే డిసెంబర్ రెండోవారం తర్వాతే. నవంబర్లో వానలు, ఏప్రిల్ నుంచి ఎండలు. పైగా డిసెంబర్లో కచేరీల సీజన్. చాలా సభల్లో, అంటే కచేరీలు పెట్టించే సంగీత సంఘాల హాళ్ళలో, పగటిపూట కచేరీలకి టికెట్ ఉండదు, ఊరికే వెళ్ళి కూర్చోవచ్చు. పాడేవి ఎక్కువగా త్యాగరాజ కీర్తనలే కాబట్టి, హాలు నిండా ఉన్నవాళ్ళలో మాటలు నేరుగా అర్థమయ్యేది మీకే. ఫోన్ సైలెంట్‌లో పెట్టండి. పాట వినకపోయినా పర్లేదు, సభ క్యాంటీన్లలోకి ఎవరైనా వెళ్ళొచ్చు. అరటాకు భోజనం కావాలంటే పన్నెండున్నరలోపే వెళ్ళండి, ఆ తర్వాత లైను పెరిగిపోతుంది.